గ్రేట్ అలెగేనీ ప్యాసేజ్

గ్రేట్ అలెగేనీ ప్యాసేజ్ అమెరికాలో మూతపడిన రైలు మార్గాల కట్టల మీద వేసిన సైకిల్, నడక బాట. మేరీలాండ్ రాష్ట్రంలోని కంబర్లాండ్ నుంచి పెన్సిల్వేనియాలోని పిట్స్‌బర్గ్ దాకా 150 మైళ్లు, అంటే సుమారు 240 కిలోమీటర్లు సాగుతుంది. కార్లకు, మోటారు సైకిళ్లకు ప్రవేశం లేదు. పట్టాలు, స్లీపర్లు తీసేసిన చోట చాలా దూరం సున్నపురాయి నుగ్గు పరిచి చదును చేశారు. వాన పడినా నీరు ఇట్టే ఇంకిపోతుంది, చక్రం దిగబడదు.

ఈ బాట మీద ప్రయాణం హాయిగా ఉండటానికి అసలు కారణం దాని వాలు. బొగ్గు నింపిన బోగీలను ఇంజన్ నిటారైన ఎత్తుకు లాగలేదు కాబట్టి, రైలు మార్గం వేసినవాళ్లు కొండలను తొలిచి, లోయల మీద వంతెనలు కట్టి, నదుల వెంట మలుపులు తిప్పి ఏటవాలును వీలైనంత తగ్గించారు. ఆ శ్రమ ఫలం ఇప్పుడు మామూలు సైకిల్ మీద వెళ్లే పెద్దవయసువాళ్లకూ పిల్లలకూ దక్కుతోంది. బాటలో అన్నిటికన్నా ఎత్తైన చోటు ఈస్టర్న్ కాంటినెంటల్ డివైడ్, 2,392 అడుగులు. దానికి ఒకవైపు కురిసిన వాన అట్లాంటిక్‌లోకి, రెండోవైపు కురిసింది ఒహాయో, మిసిసిపీ నదుల మీదుగా మెక్సికో సింధుశాఖలోకి పోతుంది. కంబర్లాండ్ నుంచి ఆ ఎత్తుకు 24 మైళ్ల లోపే చేరాలి. అయినా ఎక్కడా నూరడుగులకు రెండడుగుల ఎక్కుడు కూడా ఉండదు. పిట్స్‌బర్గ్ నుంచి వచ్చేవాళ్లకు అదే ఎత్తు 126 మైళ్ల మీద పరుచుకుని ఉంటుంది. ఎక్కుతున్నామన్న సంగతి కాళ్లకు పెద్దగా తెలియదు. ఆపైన కంబర్లాండ్ దాకా దాదాపు తొక్కకుండానే దిగిపోవచ్చు. మొదటిసారి వెళ్లేవారికి పిట్స్‌బర్గ్ నుంచి బయల్దేరడమే మేలు.

బాటలోని తూర్పు భాగం వెస్టర్న్ మేరీలాండ్ రైల్వేది. కంబర్లాండ్ నుంచి కానెల్స్‌విల్ దాకా ఆ కంపెనీ వేసిన మార్గం 1912లో మొదలైంది. నదికి ఎదురుగట్టునే బాల్టిమోర్ అండ్ ఒహాయో కంపెనీ రైళ్లు నడిచేవి. తర్వాతికాలంలో రెండూ ఒకే యాజమాన్యం కిందికి వచ్చేసరికి పక్కపక్కన రెండు మార్గాలు అనవసరమయ్యాయి. 1975లో వెస్టర్న్ మేరీలాండ్ మార్గం మూతపడింది. ఎదురుగట్టు మీద గూడ్సు బండ్లు నేటికీ తిరుగుతున్నాయి. కానెల్స్‌విల్ నుంచి మెకీస్‌పోర్ట్ దాకా ఉన్న బాట పిట్స్‌బర్గ్ అండ్ లేక్ ఈరీ రైల్వే మార్గం మీద వచ్చింది.

ఒహాయోపైల్ దగ్గర 1986లో తొలి తొమ్మిది మైళ్లు తెరిచారు. అక్కడి నుంచి ఒక్కో ముక్కా కలుపుకుంటూ పిట్స్‌బర్గ్ నడిబొడ్డుకు చేరేసరికి 2013 అయింది. ఎక్కడికక్కడ ఊళ్లలోని స్వచ్ఛంద సంఘాలు డబ్బు కూడబెట్టి, పొదలు నరికి, వంతెనలు బాగుచేసి సాధించిన పని ఇది. బాట నిర్వహణలో నేటికీ వాళ్ల చేయి ఉంది.

చూడదగ్గవి చాలావరకు డివైడ్‌కు అటూఇటూ ఉన్నాయి. కంబర్లాండ్ నుంచి ఫ్రాస్ట్‌బర్గ్ వరకు బాట పక్కనే పట్టాలున్నాయి. వాటి మీద పర్యాటకుల రైలు నడుస్తుంది. సైకిల్‌ను అందులో పైకి తీసుకెళ్లి, తిరుగుదారిలో తొక్కుకుంటూ దిగేవాళ్లున్నారు. ఫ్రాస్ట్‌బర్గ్ స్టేషన్ దగ్గర ఇంజన్‌ను గుండ్రటి వేదిక మీదికెక్కించి వెనక్కి తిప్పడం బాట మీది నుంచే కనిపిస్తుంది. ఇంకా పైన, రెండు రాష్ట్రాల మధ్య ఉన్న మేసన్-డిక్సన్ సరిహద్దు దాటాక 3,294 అడుగుల బిగ్ సావేజ్ సొరంగం వస్తుంది. లోపల దీపాలున్నా, ఎండలోంచి వెళ్లిన కళ్లకు కాసేపు ఏమీ ఆనదు. మండువేసవిలోనూ చలి కొడుతుంది. ఊటనీరు గడ్డకట్టి గోడలు దెబ్బతినకుండా చలికాలమంతా రెండువైపులా తలుపులు మూసేస్తారు. కాబట్టి డిసెంబరు నుంచి ఏప్రిల్ మొదటి రోజుల దాకా ఈ దారిన పూర్తి ప్రయాణం కుదరదు. సొరంగం తూర్పు ముఖద్వారం దగ్గర ఆగితే వరసలు వరసలుగా కొండలు కనిపిస్తాయి. అక్కడ కాసేపైనా కూర్చోకుండా వెళ్లడం తగదు. డివైడ్‌కు పడమట, మేయర్స్‌డేల్ దాటాక, 1,908 అడుగుల సాలిస్‌బరీ వంతెన కాసెల్‌మన్ నదిని, పెద్ద రహదారిని, రైలు పట్టాలను ఒకేసారి దాటుతుంది.

కాసెల్‌మన్ నది వంకర తిరిగిన పింకర్టన్ దగ్గర రైలు మార్గం ఆ వంకను చుట్టకుండా కొండను తొలుచుకుని పోయింది. శిథిలమైన ఆ సొరంగాన్ని బాగుచేసి 2015లో తెరిచారు. దిగువన ఒహాయోపైల్ దగ్గర యాకగేనీ నది మరో వంక తిరుగుతుంది. అక్కడ రెండు వంతెనలతో బాట అడ్డంగా దాటేస్తుంది. కిందికి చూస్తే రాళ్ల మీద నురగలు కక్కే నీటిలో గాలి నింపిన పడవలు కనిపిస్తాయి.

కానెల్స్‌విల్ దిగువన దృశ్యం మారుతుంది. పిట్స్‌బర్గ్ ఉక్కు కొలుములకు కోక్ బొగ్గు ఇక్కడి నుంచే వెళ్లేది. పాడుబడ్డ గనుల్లోంచి ఊరే నీటిలోని ఇనుము పేరుకుని కొన్నిచోట్ల బాట పక్క బండలు నారింజ రంగుకు తిరిగాయి. స్మిత్‌టన్ దగ్గరి డార్ గనిలో 1907 డిసెంబరు 19న జరిగిన పేలుడులో 239 మంది చనిపోయారు. ఆ గని ఉన్న గట్టునే బాట పోతుంది. తర్వాత మొనాంగహేలా నది ఒడ్డున హోమ్‌స్టెడ్ ఉక్కు కర్మాగారం ఒకప్పుడు ఉన్న స్థలం మీదుగా నగరంలోకి చేరుతుంది. పెన్ హిల్స్ వేంకటేశ్వరస్వామి గుడి వల్ల తెలుగువాళ్లకు చిరకాలంగా పరిచయమున్న పిట్స్‌బర్గ్‌లో, మొనాంగహేలా, అలెగేనీ నదులు కలిసే చోట బాట ముగుస్తుంది.

దారిలోని ఊళ్లలో బస, భోజనం, సైకిల్ మరమ్మతు దొరుకుతాయి. అన్నీ వెంట మోయనక్కర్లేదు, కానీ సొరంగాల కోసం దీపం, ఇతరులను దాటిపోయేటప్పుడు మోగించడానికి గంట తప్పనిసరిగా ఉండాలి. ఆకులు రంగులు తిరిగే అక్టోబరులో జనం ఎక్కువ. గదులు ముందే చెప్పి ఉంచుకోవాలి. కంబర్లాండ్ దగ్గర ఈ బాట చెసపీక్ అండ్ ఒహాయో కాలువ గట్టును కలుస్తుంది. ఒకప్పుడు కంచర గాడిదలు పడవలను లాగిన ఆ 184.5 మైళ్ల దారిన వాషింగ్టన్ దాకా వెళ్లవచ్చు. అది చాలాచోట్ల మట్టిదారి కావడంతో వాన తర్వాత బురదవుతుంది. లావు టైర్ల సైకిల్ కావాలి.