ఎవరి మాట ఎవరి నోట

తెలుగులో ‘ట’ అని ఓ చిన్న ముక్క ఉంది. ‘వచ్చాడు’ అంటే మనం చూశామని. ‘వచ్చాడట’ అంటే ఎవరో చెప్పగా విన్నామని. అక్షరమ్ముక్క రాని మా దాదీమాలు కూడా చూసినదాన్నీ విన్నదాన్నీ ఈ ఒక్క ముక్కతో వేరుచేసి చెప్పేవారు. పెద్ద చదువులు చదివి చరిత్ర రాసేవాళ్లకే అది బరువైపోయింది. ముస్లింల గురించి రాసేటప్పుడైతే మరీను.

‘గజనీ మహమూద్ సోమనాథ్‌లో యాభై వేల మందిని చంపాడు’ అన్న వాక్యమే చూడండి. చంపాడట కాదు, చంపాడు. ఎవరన్నారీ మాట? ఎప్పుడన్నారు? ఎవరి మెప్పు కోసం? మహమూద్‌ను వెనకేసుకు రావలసిన అగత్యం మాకేమీ లేదు. ఆయన మా తాత కాదు. 1026లో గుడి మీద పడ్డాడు, దోచాడు, విగ్రహం పగలగొట్టాడు. ముల్తాన్‌లో ఇస్మాయిలీ ముస్లింలనూ ఆయన కత్తి వదల్లేదు. మా పేచీ ‘చంపాడు’ అన్నందుకు కాదు. ఆ వాక్యానికి సొంతదారెవరో చెప్పకుండా దాచినందుకు.

ఆ 50,000 లెక్క దాడి జరిగిన రెండు వందల ఏళ్ల తర్వాత ఇబ్న్ అల్ అథీర్ రాసిన చరిత్రలో కనిపిస్తుంది. అంతకు ముందు, మహమూద్ బతికుండగానే, ఫర్రుఖీ అనే ఆస్థాన కవి ఇంకో కథ కట్టాడు. అరేబియాలో ప్రవక్త కాలంలో పగలగొట్టిన దేవతల్లో ‘మనాత్’ విగ్రహం తప్పించుకుని గుజరాత్ చేరిందట, సోమనాథ్‌లో ఉన్నది అదేనట! ప్రవక్త కాలంలో మిగిలిపోయిన పనిని తన ప్రభువు పూర్తిచేశాడని చెప్పడం కవి అవసరం. బాగ్దాద్ ఖలీఫా దగ్గర పరపతి పెరగడం ప్రభువు అవసరం. మన ప్రబంధ కవులు మాత్రం శత్రురాజుల తలలతో బంతులాడించలేదా? వాటిని ఎవరూ జనాభా లెక్కల్లాగా చదవరు. పార్సీలో రాసిన పొగడ్త మాత్రం వాంగ్మూలమైపోయింది. పైగా అది ఒక కవి వాంగ్మూలంగా మిగల్లేదు, ముస్లింలందరి వాంగ్మూలమైంది.

మరి అదే మహమూద్ నీడలో బతికిన అల్‌బెరూనీ ఏమన్నాడు? ఖ్వారిజం నుంచి 1017లో గజనీకి తెచ్చిపెట్టిన పండితుడాయన. 1030 ప్రాంతంలో ‘కితాబుల్ హింద్’ రాశాడు. మహమూద్ దాడులు ఈ దేశపు సిరిని నాశనం చేశాయనీ, హిందువులు దుమ్మురేణువుల్లా చెదిరిపోయారనీ, ముస్లింలంటే వారికి ఏర్పడిన ద్వేషానికి ఇదీ ఒక కారణమనీ అందులో ఉంది. ‘ముస్లిం చరిత్రకారులు ఇలా అన్నారు’ అని మొదలుపెట్టే వ్యాసాల్లో ఈయనకు చోటుండదు.

మాకు ఆయన మీద ఇంత గౌరవం ఇందుకొక్కదానికే కాదు. పరాయి మతాల మీద రాసేవాళ్లు ఎదుటివాడి మాటను వంకర తిప్పి, ఆ వంకరనే ఖండించి గెలిచామనుకుంటారన్న బాధతో ఆ పుస్తకం మొదలవుతుంది. తానది చెయ్యననీ, హిందువుల మాట హిందువులదిగానే పెడతాననీ, ఇది వాదానికి దిగే పుస్తకం కాదనీ ముందే చెప్పుకున్నాడు. సంస్కృతం నేర్చుకున్నాడు, పండితుల దగ్గర కూర్చున్నాడు. తనకు నచ్చనివి లేవా? బోలెడు. హిందువులకు తామే గొప్పన్న అతిశయం ఎక్కువని నిర్మొహమాటంగా రాశాడు. కానీ అది తన అభిప్రాయమని తెలిసేలా రాశాడు. చదివేవాడికి గీతలో మాట ఏదో, బెరూనీ మాట ఏదో గందరగోళం ఉండదు.

మా సంప్రదాయంలో ఇది వింతేమీ కాదు. హదీసు చెప్పేవాడు ముందు గొలుసు చెప్పాలి. ఫలానా ఆయన ఫలానా ఆయన దగ్గర విన్నాడు, ఆయన ఇంకొకాయన దగ్గర విన్నాడు అని. దాన్నే ఇస్నాద్ అంటారు. ఆ గొలుసులో ఒక్కడి నిజాయితీ మీదో, జ్ఞాపకం మీదో అనుమానం కలిగితే, మాట ఎంత తియ్యగా ఉన్నా బలహీనమైనదని పక్కన పెట్టేవారు.

ఇంగ్లీషువాళ్లు వచ్చి ఈ గొలుసు తెంచారు. 1842లో గవర్నర్ జనరల్ ఎలెన్‌బరో గజనీ నుంచి కొన్ని తలుపులు మోయించుకొచ్చి, ఇవి సోమనాథ్ తలుపులేననీ, ఎనిమిది వందల ఏళ్ల అవమానం తీరిందనీ ప్రకటించాడు. ఎవరి అవమానం? ఎవరు చెప్పమన్నారు? మరుసటేడు వాళ్ల పార్లమెంటులోనే దీని మీద పెద్ద రగడ అయింది. తీరా చూస్తే ఆ తలుపులు గుజరాత్ పనితనమే కాదు. ఆగ్రా కోటలో పడేశారు. తలుపులు మూలపడ్డాయి కానీ హిందువు గొంతుతో ఇంగ్లీషు దొర మాట్లాడిన ఆ మాట మూలపడలేదు.

తర్వాత ఇలియట్. ముస్లింల పాలన ఎంత చెడ్డదో తెలిస్తే ఇక్కడి జనానికి తమ పాలన విలువ తెలిసొస్తుందని 1849లో దాపరికం లేకుండా రాసుకున్నాడు. ఆయన 1853లో పోయాక డౌసన్ 1867 నుంచి 1877 వరకు ఎనిమిది సంపుటాలు తెచ్చాడు. వాటి పేరే చిత్రం: భారతదేశ చరిత్ర, సొంత చరిత్రకారులు చెప్పినట్టుగా! చెప్పింది వాళ్లే కావచ్చు. ఏరింది ఎవరు? ముక్కలు కోసి పక్కపక్కన పేర్చింది ఎవరు? ఆ ఏరివేతను, ఆ అనువాదాలను మహమ్మద్ హబీబ్, హోడీవాలా లాంటివాళ్లు తర్వాత ఎంత దులిపినా పాఠాలు మాత్రం మారలేదు.

అదే సోమనాథ్‌లో 1264 నాటి శాసనం ఒకటుంది. హోర్ముజ్ నుంచి వచ్చిన ఓడల వ్యాపారి నూరుద్దీన్ ఫిరోజ్ మసీదు కట్టుకోవడానికి స్థలం సంపాదించాడు. ఊరిపెద్దలు, అక్కడి పాశుపత పూజారి అందుకు అండగా నిలిచారు. సంస్కృతంలో ఒక పాఠం, అరబ్బీలో ఒక పాఠం. రెండూ ఒకేలా మాట్లాడవు. సోమనాథ్ ఇస్లాం నగరం కావాలన్న కోరిక అరబ్బీలో ఉంది, సంస్కృతంలో లేదు. ఆ కోరికను దాచి ‘ఎంత సామరస్యమో’ అని మేం పాడితే, పాశుపత పూజారిని దాచినవాళ్లకూ మాకూ తేడా ఏముంటుంది?

ఇక మన ఇంటికొద్దాం. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. దానికి ప్రభుత్వం పెట్టుకున్న పేరు ‘పోలీసు చర్య’. ట్యాంకులెక్కి వచ్చిన పోలీసులు! విమోచన, విలీనం, విద్రోహం అని తలా ఒక పేరు పెట్టారు. ఎవరి పేరు వెనక వాళ్ల పక్షం ఉంది. ‘రజాకార్’ అన్నదీ అంతే. ఖాసిం రజ్వీ దండు పేరది. ఆ దండును ఎదిరించి రాసినందుకు ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో నరికి చంపారు. మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటం పక్షాన నిలిచాడు. అయినా ఆ పేరు గడ్డమున్న ప్రతివాడికీ అంటుకుంది.

ఆ ఏడాది నవంబరు, డిసెంబరుల్లో పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరులు జిల్లాలు తిరిగి నివేదిక ఇచ్చారు. దాన్ని దశాబ్దాల పాటు తొక్కిపెట్టారు. 2013 నాటికి గానీ మామూలు పాఠకుడికి అందలేదు. చనిపోయినవాళ్లు 27,000 నుంచి 40,000 వరకు ఉంటారని అందులో ఉంది. అది వాళ్ల అంచనా, తక్కువలో తక్కువగా వేసినదని వాళ్లే చెప్పారు. మావాళ్లు కొందరు ‘అంచనా’ తీసేసి, 27 కూడా తీసేసి, 40,000 మాత్రం ఉంచుతారు. అవతలివాళ్లు నివేదిక మొత్తాన్నే తీసేస్తారు. రజాకార్లు ఊళ్ల మీద పడి డబ్బు గుంజారని కూడా అదే నివేదికలో ఉంది. కొన్నిచోట్ల హిందూ సాలెవాళ్లు తోటి ముస్లిం సాలెవాళ్లకు అడ్డం నిలబడి, వాళ్లను కాపాడబోయి తాము ప్రాణాలు పోగొట్టుకున్నారనీ ఉంది. ఈ సాలెవాళ్ల సంగతి అటువైపు వ్యాసాల్లోనూ, ఇటువైపు వ్యాసాల్లోనూ మాకు అరుదుగానే కనిపించింది.