పళ్ళెం మీద చెయ్యి

రికార్డు తిరుగుతుండగా దానిమీద చెయ్యి వేయరాదన్నది గ్రామఫోను ఉన్న ఇళ్ళలో పిల్లలకు చెప్పే మొదటి మాట. ఆ నియమాన్ని ధిక్కరించడం వల్లనే ఒక యంత్రం వాద్యమైంది.

పూర్వపు టర్న్‌టేబుళ్ళలో మోటారు వేగాన్ని రబ్బరు బెల్టో, చక్రమో పళ్ళేనికి అందించేది. రబ్బరు సాగుతుంది, అరుగుతుంది. చేత్తో ఆపి విడిచిన పళ్ళెం మళ్ళీ వేగం పుంజుకోవడానికి జాగు చేస్తుంది. జపానులో మత్సుషిత సంస్థ ఇంజనీరు షూయిచి ఒబాత బృందం ఆ మధ్యవర్తినే తొలగించి, పళ్ళేన్ని నేరుగా మోటారు ఇరుసుపై నిలిపింది. ఆ పద్ధతిలో 1970లో టెక్నిక్స్ ఎస్‌పీ-10, 1972లో ఎస్‌ఎల్-1200 వెలువడ్డాయి. ఈ రెండవది ఇంట కూర్చుని సంగీతం వినే రసికులకు ఉద్దేశించినది.

అదే దశకంలో న్యూయార్కులోని బ్రాంక్స్‌లో కూల్ హెర్క్ ఒకే రికార్డు ప్రతులు రెంటిని రెండు టర్న్‌టేబుళ్ళపై ఉంచి, జనం ఎగిరి ఆడే డ్రమ్ముల ఘట్టాన్ని మార్చి మార్చి వినిపించాడు. గ్రాండ్ విజర్డ్ థియొడోర్ అనే బాలుడు రికార్డును వేళ్ళతో ముందుకూ వెనక్కూ జరిపి, ఆ గీరుడు శబ్దాన్నే లయగా మలిచాడు. వాద్యాలు కొనే స్తోమత లేని కుర్రవాళ్ళకు పాత రికార్డులే స్వరాలయ్యాయి. బెల్టు లేని పళ్ళెం చేతికి వెంటనే బదులు పలికేది. అందుకే క్రమంగా ఈ కళాకారులు దానివైపు మళ్ళారు.

1979 నాటి ఎంకే2 నమూనాలో క్వార్ట్జ్ నియంత్రణ, వేగాన్ని 8 శాతం వరకు హెచ్చించి తగ్గించే జారుడు మీట చేరాయి. రెండు పాటల నడకను ఒకటిగా కలపడం సులువైంది.

2010లో తయారీ ఆగింది. 2016లో తిరిగి మొదలైంది. ఇంజనీర్ల ప్రతిభను తగ్గించనక్కరలేదు. కాని ఈ వాద్యం చరిత్ర రాసేటప్పుడు బ్రాంక్స్ కుర్రవాళ్ళను కూడా దాని నిర్మాతలలో చేర్చాలి.