తిరిగొచ్చిన బీమా సొమ్ము: బ్రిటన్‌లో సామాన్యులు బ్యాంకుల మెడలు వంచిన కథ

పోయిన నెల సెలవు రోజున మా క్యాంపులోని ఒక సోదరుడు బ్యాంకు కాగితాలు పట్టుకుని మా గదికి వచ్చాడు. కంపెనీలో డ్రైవరు. చెల్లెలి పెళ్లికి పర్సనల్ లోను తీసుకున్నాడు. "అన్నా, లోను ఇరవై వేల దిర్హాములు అన్నరు. నా చేతికి అంత రాలేదు. నడుమ ఏం కోసిన్రో జర చూడరాదే" అన్నాడు. చూశాం. ప్రాసెసింగ్ ఫీజు కింద ఇన్సూరెన్స్ అని ఇంకో పద్దు ఉంది. అది ఎవరి కోసం? ఎప్పుడు పనికొస్తుంది? సంతకం పెట్టించుకున్న మనిషి చెప్పలేదు. మనవాడు అడగలేదు. అడగవచ్చని కూడా అతనికి తెలియదు.

ఆ బీమా మోసమని మేము అనడం లేదు. అలాంటి బీమా నిజంగానే ఒక కుటుంబాన్ని ఆదుకోవచ్చు. కానీ ఆ కాగితం చూడగానే మాకు బ్రిటన్‌లో జరిగిన ఒక పెద్ద కథ గుర్తుకొచ్చింది. అక్కడ కూడా లోనుతో పాటు ఇలాగే బీమా అంటగట్టారు. అక్కడి జనం కూడా ఏళ్ల తరబడి నోరు మెదపకుండా కట్టారు. ఆ తర్వాత అడగడం మొదలుపెట్టారు. చివరికి 3,800 కోట్ల పౌండ్లకు పైగా సొమ్ము బ్యాంకుల నుంచి జనం చేతికి తిరిగి వచ్చింది. ఇది ఎలా జరిగిందో మన క్యాంపుల్లో ఉండేవాళ్లందరం తెలుసుకోవాల్సిందే.

అసలు ఏమిటా బీమా?

దాని పేరు పేమెంట్ ప్రొటెక్షన్ ఇన్సూరెన్స్. పొట్టిగా పీపీఐ. లోను తీసుకున్నవాడు జబ్బు పడినా, ప్రమాదం జరిగినా, ఉద్యోగం పోయినా కొన్ని నెలల పాటు వాయిదాలను బీమా కంపెనీ కడుతుంది. మాట వినడానికి బాగానే ఉంది. ఇల్లు గడవక అప్పు చేసినవాడికి ఇంతకంటే ధైర్యం ఏం కావాలి?

తిరకాసు అమ్మే పద్ధతిలో ఉంది. 1990 నుంచి 2010 మధ్య లోన్లతో, క్రెడిట్ కార్డులతో, ఇంటి అప్పులతో కలిపి ఈ పాలసీలను విపరీతంగా అమ్మారు. మొత్తం 6 కోట్ల 40 లక్షల దాకా పాలసీలు అమ్ముడుపోయినట్టు అక్కడి నియంత్రణ సంస్థ లెక్క. కొందరికి "ఈ బీమా తీసుకోకపోతే లోను రాదు" అని చెప్పారు. కొందరి ఫారంలో ముందే టిక్కు పెట్టి ఉంచారు. కొందరికైతే తమ పేరు మీద పాలసీ ఉన్న సంగతే తెలియదు.

ఇంకా ఘోరం ఏమిటంటే, ఎప్పటికీ పనికిరాని వాళ్లకు కూడా అమ్మారు. సొంత పని చేసుకునేవాడికి ఉద్యోగం పోయే బీమా చాలా పాలసీల్లో వర్తించదు. రిటైరైన ముసలాయనకు పోవడానికి ఉద్యోగమే లేదు. పాత జబ్బు ఉన్నవాడికి ఆ జబ్బు మీద పైసా రాదు. నడుము నొప్పి, మానసిక ఒత్తిడి వంటివాటిని చాలా పాలసీలు పక్కన పెట్టాయి. ఈ ప్రశ్నలేవీ అడగకుండానే సంతకాలు తీసుకున్నారు. అంటే చేపలు పట్టేవాడికి నాగలి అమ్మినట్టు!

వడ్డీ మీద వడ్డీ

ఒకేసారి మొత్తం ప్రీమియం వసూలు చేసే పాలసీలు మరీ దారుణం. లెక్క కోసం చెప్పుకుందాం. ఒకతను 5,000 పౌండ్ల లోను అడిగాడు. బీమా ప్రీమియం 1,000 పౌండ్లు. ఆ వెయ్యి అతని జేబులోంచి తీసుకోరు, లోనుకే కలుపుతారు. ఇప్పుడు అతని అప్పు 6,000. వడ్డీ కూడా 6,000 మీదే. చేతికి వచ్చింది ఐదు వేలు, వడ్డీ కట్టేది ఆరు వేలకు! ఊళ్లో వడ్డీ వ్యాపారి ముందే వడ్డీ పట్టుకుని మిగతా డబ్బు చేతిలో పెట్టడం మనకు తెలుసు. ఇది కోటు, టై వేసుకున్న ఆ పనే.

మరి బ్యాంకులకు అంత ఆత్రం ఎందుకు? కమీషన్. దీని అసలు రంగు ఒక కోర్టు కేసులో బయటపడింది. 2006లో ఒక మహిళ 34,000 పౌండ్ల అప్పు తీసుకుంది. దానితో పాటు 5,780 పౌండ్ల బీమా. అందులో బీమా కంపెనీకి చేరింది 1,630 పౌండ్లు మాత్రమే. మిగతాదంతా మధ్యవర్తి, అప్పిచ్చిన సంస్థ పంచుకున్నారు. నూటికి 71.8 వంతు కమీషనే అన్నమాట! ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఇంత పెద్ద కమీషన్‌ను దాచిపెట్టడం అన్యాయమని 2014 నవంబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ప్లెవిన్ కేసుగా దానికి పేరు.

మొదట గొంతు విప్పింది ఎవరు?

ఈ పోరాటాన్ని ఏ మంత్రో, ఏ పెద్ద పార్టీయో మొదలుపెట్టలేదు. సిటిజన్స్ అడ్వైస్ అని అక్కడ ఒక సేవా సంస్థ ఉంది. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలైన రోజుల్లో పుట్టింది. ఊరూరా దానికి కేంద్రాలు ఉన్నాయి. అక్కడ కూర్చుని సలహా చెప్పేవాళ్లలో ఎక్కువమంది జీతం లేని వాలంటీర్లు. అప్పుల కాగితాలు పట్టుకుని మనుషులు వాళ్ల దగ్గరికి వచ్చేవారు. ఒకరి కాగితంలో ఈ బీమా కనబడింది. మరొకరి కాగితంలోనూ అదే. పదిమంది కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఇది ఒకరి ఖర్మ కాదని, ఒక పద్ధతి ప్రకారం జరుగుతున్నదని తేలింది.

బ్రిటన్‌లో 2002 నాటి ఒక చట్టం ప్రకారం గుర్తింపు పొందిన వినియోగదారుల సంస్థలు సూపర్ కంప్లైంట్ ఇవ్వవచ్చు. ఇస్తే ప్రభుత్వ సంస్థ 90 రోజుల్లో జవాబు చెప్పి తీరాలి. 2005 సెప్టెంబరులో సిటిజన్స్ అడ్వైస్ ఈ బీమా మీద అలాంటి ఫిర్యాదు పెట్టింది. అక్కడి నుంచి తీగ లాగితే డొంక కదిలింది. 2007లో వ్యవహారం కాంపిటీషన్ కమిషన్ ముందుకు వెళ్లింది. ఆర్థిక సంస్థల మీద నిఘా పెట్టే ఎఫ్ఎస్ఏ జరిమానాలు మొదలుపెట్టింది. 2008 అక్టోబరులో అలయన్స్ అండ్ లెస్టర్ బ్యాంకుకు 70 లక్షల పౌండ్లు వడ్డించింది. 2009లో పర్సనల్ లోన్ల మీద ఒకేసారి ప్రీమియం గుంజే పాలసీల అమ్మకాన్ని ఆపించింది.

కోర్టులో బ్యాంకుల ఓటమి

2010 ఆగస్టులో ఎఫ్ఎస్ఏ కొత్త నిబంధనలు తెచ్చింది. ఫిర్యాదులను బ్యాంకులు ఎలా పరిశీలించాలో, డబ్బు ఎలా తిరిగి ఇవ్వాలో అందులో చెప్పింది. ఫిర్యాదు చేయని పాత ఖాతాదారుల సంగతి కూడా చూడాలంది. బ్యాంకులకు కోపం వచ్చింది. పాత అమ్మకాలకు కొత్త కొలబద్ద పెడతారా అని వాటి సంఘం హైకోర్టుకు వెళ్లింది. 2011 ఏప్రిల్ 20న కోర్టు బ్యాంకుల వాదనను కొట్టేసింది.

మే నెల మొదట్లోనే లాయిడ్స్ బ్యాంకు ఈ పోరు నుంచి తప్పుకుని, నష్టపరిహారం కోసం 320 కోట్ల పౌండ్లు పక్కన పెడుతున్నట్టు ప్రకటించింది. కొద్ది రోజులకే బ్యాంకుల సంఘం అప్పీలుకు వెళ్లబోమని చేతులెత్తేసింది. లాయిడ్స్ అనుకున్న 320 కోట్లు ఏ మూలకూ సరిపోలేదు. చివరికి ఆ ఒక్క గ్రూపుకే 2,100 కోట్ల పౌండ్లకు పైగా ఖర్చయింది.

తర్వాత కూడా అన్నీ సవ్యంగా సాగలేదు. వచ్చిన ఫిర్యాదులను సరిగా చూడకుండా తోసిపుచ్చినందుకు 2015 జూన్‌లో లాయిడ్స్‌కే మళ్లీ 11 కోట్ల 70 లక్షల పౌండ్ల జరిమానా పడింది. అంటే చట్టం వచ్చినంత మాత్రాన డబ్బు దానంతట అదే నడిచి రాదు. ఒకసారి కాదంటే రెండోసారి అడగాలి.

ఎలా అడిగారు, ఎంత వచ్చింది?

అడిగే దారి చాలా తేలిక. మొదట బ్యాంకుకే ఉత్తరం రాయాలి. ఫలానా సంవత్సరంలో ఫలానా లోను తీసుకున్నాను, ఈ బీమా నాకు ఇష్టం లేకుండా అంటగట్టారు, లేదా ఇది నాకు వర్తించదని చెప్పలేదు అని రాస్తే చాలు. బ్యాంకు 8 వారాల్లో తేల్చాలి. కాదన్నా, కదలకపోయినా ఫైనాన్షియల్ ఆంబుడ్స్‌మన్ అనే తగవు తీర్చే సంస్థకు వెళ్లవచ్చు. అక్కడ ఫిర్యాదుదారు పైసా కట్టనక్కరలేదు, వకీలు అవసరం లేదు. ఆంబుడ్స్‌మన్ చివరి తీర్పుకు ఫిర్యాదుదారు ఒప్పుకుంటే బ్యాంకు కట్టుబడాల్సిందే. ఈ ఒక్క బీమా మీదే ఆ సంస్థకు 20 లక్షలకు పైగా ఫిర్యాదులు వచ్చాయి.

గెలిస్తే కట్టిన ప్రీమియం మొత్తం, దాని మీద బ్యాంకు వసూలు చేసిన వడ్డీ, పైగా ఏడాదికి నూటికి 8 చొప్పున మామూలు వడ్డీ ఇచ్చేవారు. ఐదేళ్ల క్రితం కట్టిన 100 పౌండ్లకు 40 పౌండ్లు కలిసి 140 అన్నమాట. ఏ దేశస్తుడివని ఎవరూ అడగలేదు. ఆ రోజుల్లో అక్కడ లోను తీసుకున్న మన తెలుగువాళ్లకు కూడా ఇదే హక్కు ఉండేది.

నడుమ దూరిన ఏజెంట్లు

తేనె ఉన్నచోట ఈగలు ముసరకుండా ఉంటాయా? మీ డబ్బు మేము ఇప్పిస్తాం అంటూ క్లెయిమ్ కంపెనీలు పుట్టుకొచ్చాయి. రాత్రీ పగలూ ఫోన్లు, మెసేజీలు. వచ్చిన సొమ్ములో పావు వంతు, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువే పట్టుకునేవారు. వాళ్లు చేసేది ఏమిటి? ఎవరైనా ఉచితంగా రాసుకోగల ఆ ఉత్తరాన్నే వాళ్లు రాసేవారు! మార్టిన్ లూయిస్ అనే పాత్రికేయుడు, విచ్ అనే వినియోగదారుల సంస్థ నమూనా ఉత్తరాలు తయారుచేసి జనానికి ఉచితంగా అందించారు. 2018 జూలై నుంచి ఆ కంపెనీలు నూటికి 20, దాని మీద పన్ను కంటే ఎక్కువ తీసుకోరాదని చట్టం వచ్చింది. వీసా కోసం ఏజెంట్ల చుట్టూ తిరిగిన మనకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు.

చివరికి గడువు పెట్టారు. ఎఫ్ఎస్ఏ స్థానంలో 2013లో వచ్చిన ఎఫ్‌సీఏ 2019 ఆగస్టు 29ని ఆఖరి తేదీగా ప్రకటించింది. జనానికి గుర్తు చేయడానికి రెండేళ్ల పాటు హాలీవుడ్ నటుడు ఆర్నాల్డ్ ష్వార్జెనెగర్ బొమ్మ తలతో ప్రకటనలు వేశారు. ఆ ఖర్చును ఫిర్యాదులు ఎక్కువగా ఉన్న 18 సంస్థల నుంచే వసూలు చేశారు! ఆ తేదీలోగా అడిగినవాళ్ల ఫిర్యాదులను చూశారు. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అని సొరుగులో కాగితాలు పెట్టుకుని కూర్చున్నవాళ్లకు ఆ తేలిక దారి మూసుకుపోయింది.

మనకేం సంబంధం?

మనం ఉన్నది బ్రిటన్ కాదు. అక్కడి చట్టం ఇక్కడ చెల్లదు. పీపీఐ డబ్బు ఇప్పిస్తామని ఇక్కడ ఎవరైనా ఫోన్ చేస్తే నమ్మకండి. కానీ ఆ కథలోని పాఠం మన జేబుకు బాగా సంబంధించిందే.

లోను కాగితం మీద సంతకం పెట్టే ముందు మూడు ప్రశ్నలు అడుగుదాం. చేతికి ఎంత వస్తుంది? మొత్తం ఎంత కట్టాలి? బీమా ఉంటే ఏ సందర్భంలో, ఎవరికి డబ్బు వస్తుంది? ఆ పాలసీ కాపీ అడిగి తీసుకుందాం. ఫోన్‌లో ఫొటో తీసి ఇంటికి పంపుదాం. మనకు ఏదైనా అయితే ఆ కాగితం అవసరమయ్యేది ఇంట్లోవాళ్లకే. తేడా కనిపిస్తే ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేద్దాం. యూఏఈలో ఉన్నవాళ్లకు అక్కడి సెంట్రల్ బ్యాంకు 2023లో సనదక్ అనే సంస్థను పెట్టింది. బ్యాంకుల మీద, బీమా కంపెనీల మీద వచ్చే ఫిర్యాదులను అది చూస్తుంది.

ఇంకో మాట. అక్కడివాళ్లు తెలియకుండా కట్టి మోసపోయారు. మనలో చాలామంది తెలియకుండా కట్టి, రావాల్సింది కూడా అడగకుండా పోగొట్టుకుంటున్నారు. ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో వచ్చిన ప్రతి ఒక్కరికీ ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం కలిగినా 10 లక్షల రూపాయలు ఇచ్చే పాలసీ అది. ఏజెంటు కవరులో ఆ కాగితం కూడా ఉంటుంది. అది ఎక్కడుందో మీకు తెలుసా? మీ ఇంట్లోవాళ్లకు తెలుసా? పాలసీ గడువు ఎప్పటిదాకా ఉందో చూసుకున్నారా?

మా గదికి వచ్చిన సోదరుడు మర్నాడే బ్యాంకుకు వెళ్లి తన పాలసీ కాపీ అడిగాడు. రెండుసార్లు తిప్పారు. మూడోసారి ఇచ్చారు. అతను లోను తీరకముందే చనిపోతే మిగిలిన అప్పును ఆ బీమా కడుతుందని అందులో ఉంది. పనికొచ్చే పాలసీయే. కానీ ఆ మాట అతని భార్యకు తెలియకపోతే ఏం లాభం? అదే రోజు రాత్రి ఫోన్ చేసి చెప్పాడు.

బ్రిటన్‌లో అంత పెద్ద బ్యాంకులు దిగివచ్చింది కొందరు వాలంటీర్లు బల్ల మీద పదిమంది కాగితాలు పక్కపక్కన పెట్టి చూసినందుకే. ఆ పని మన గదిలో, మన మంచం మీద కూడా చేయవచ్చు. వచ్చే సెలవు రోజున వంట అయ్యాక మీ కాగితాలు బయటికి తీయండి. చదవడం రానివాడికి చదవడం వచ్చినవాడు చదివి వినిపించండి.