మన గుర్తులు – 6: పిడికిలికి నల్లరంగు ఎట్లా వచ్చింది?



పోస్టు చివర నల్ల పిడికిలి పెడుతుంటాం. ఫోన్‌లో పసుపు పిడికిలిని నొక్కి పట్టుకుంటే ఐదు చర్మపు రంగులు వస్తాయి. 2015కు ముందు ఆ ఐదూ లేవు.

ఎమోజీలు జపాన్ ఫోన్లలో పుట్టాయి. 1999లో డొకోమో కంపెనీ కోసం షిగెతకా కురిటా 176 బొమ్మలు చేశారు. 2010లో యూనికోడ్ ఇలాంటి బొమ్మలకు నంబర్లిచ్చాక ప్రపంచమంతా పాకాయి. ఐఫోన్‌లో పెళ్లికూతురు తెలుపు, పోలీసు తెలుపు, చప్పట్లు కొట్టే చేతులూ తెలుపే. తలపాగా మనిషి, చైనా టోపీ మనిషి మాత్రమే వేరు. నల్లవాళ్లు ఒక్కరూ లేరు. కావాలని ఎవరూ చేయలేదంటారు. మన పాఠ్యపుస్తకాల బొమ్మల్లో అమ్మానాన్నలు ఎవరిలా ఉంటారని అడిగినా ఇదే జవాబు.

అమెరికాలోని టెక్సస్‌లో కత్రినా పారట్ అనే నల్లజాతి మహిళ ఉన్నారు. తనలాంటి బొమ్మ పంపుకోలేకపోతున్నానని కూతురు అంటే, 2013లో ఐదు చర్మపు రంగుల ఎమోజీలతో ఐడైవర్సికాన్స్ అనే యాప్ తెచ్చారు. యూనికోడ్ సమావేశాలకు వెళ్లి ప్రతిపాదనలు పెట్టారు. 2015లో యూనికోడ్ ఐదు రంగులు ఒప్పుకుంది. ఆపిల్ వాటిని ఫోన్‌లోనే ఉచితంగా ఇచ్చేసింది. ఇక ఆమె యాప్ ఎవరు కొంటారు? 2020లో ఆపిల్ మీద కేసు వేశారు. ఆలోచనకు కాపీరైట్ ఉండదని కోర్టు కొట్టేసింది. చట్టం లెక్క అదేనేమో. ఎమోజీ చరిత్ర చెప్పేవాళ్లు కురిటాను మరిచిపోరు, ఈమెను మరిచిపోతారు. అందుకే ఈ భాగం రాస్తున్నా.

యూనికోడ్ తీసుకున్న కొలమానం కూడా చూడండి. 1975లో ఫిట్జ్‌పాట్రిక్ అనే చర్మవైద్యుడు కాంతి చికిత్స మోతాదు కోసం తయారుచేసింది. మొదట అందులో తెల్లచర్మం రకాలే ఉన్నాయి. గోధుమ, నల్ల చర్మాలను తర్వాత చేర్చారు. కొలబద్దలో కూడా మనవాళ్లు చివర్నే!

అయితే మన దగ్గర కులం చర్మంలో కనబడదు. ఇంటిపేరులో, వాడ పేరులో దొరుకుతుంది. అందుకే మనకు నల్ల పిడికిలి ఒక్కటే చాలలేదు, నీలి గుండె కూడా తీసుకున్నాం. 1942లో బాబాసాహెబ్ పెట్టిన షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ జెండా నీలం. జపాన్ ఫోన్ల నుంచి వచ్చిన ఆ గుండెకు ఆ అర్థం మనమే ఇచ్చుకున్నాం.

ఏప్రిల్ 14కి వెబ్‌పేజీ చేస్తున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, బొమ్మ ఫైళ్లు వెతకొద్దు. నీలి గుండెకు &#128153; అని రాయండి. నల్ల పిడికిలికి &#9994; రాసి, మధ్యలో ఖాళీ వదలకుండా &#127999; చేర్చండి. ఖాళీ వదిలితే పిడికిలి పసుపుగానే మిగిలి, రంగు పక్కన విడిగా పడుతుంది.