ఇల్లాలి పద్దుపుస్తకము

రాజుల ఖజానాలను గూర్చి చరిత్రకారులు పెక్కు గ్రంథములు వ్రాసిరి. ఏ రాజు ఏ యుద్ధమున కెంత ధనము వెచ్చించెనో, ఏ మంత్రి యే పన్ను విధించెనో పాఠశాలలో మనము బాలురచేత వల్లె వేయించుచున్నాము. కాని ప్రతి యింటను ఒక ఖజానా కలదు. అది పోపులపెట్టె యడుగున నాలుగు నాణెములుగానో, బియ్యపు కుండలో దాచిన చిన్న మూటగానో యుండును. దానిని గాచినవారి చరిత్రమును వ్రాసినవా రరుదు. పొదుపు చేయుడని స్త్రీలకు మనము నిత్యము బోధించుచుందుము గదా. ఆ పొదుపు ఇన్ని శతాబ్దములు చేసిన దెవరు, చేసిన ధనము తుదకు ఎవరిదయ్యెను అను ప్రశ్నను ఈ వ్యాసమున గొంచెము విచారింతము.

వాత్స్యాయనుని కామసూత్రమన్న పేరు వినగానే కొందఱు చెవులు మూసికొందురు. ఆ గ్రంథము క్రీస్తుశకము మూడవ శతాబ్ది ప్రాంతమునాటిదని పండితులు తలంతురు. అందలి నాలుగవ యధికరణము భార్యను గూర్చినది. దాని మొదటి యధ్యాయమున శృంగారము కంటె గృహవ్యవహారమే యెక్కువ. సంవత్సరపు రాబడి యింతయని లెక్కించి దానికి దగినట్లు వ్యయము చేయవలెననియు, ఏనాటి రాబడిని వ్యయమును ఆనాడే మొత్తము కట్టవలెననియు అందు గలదు. కుండలు, వెదురుబుట్టలు, కొయ్యసామాను, లోహపాత్రములు వెల తక్కువగా నున్న కాలమునందే కొనవలెను. భోజనమునకు బోగా మిగిలిన పాడి నుండి నేయి తీయవలెను. ప్రత్తి వడకవలెను, ఉట్లకును త్రాళ్లకును వలయు నారను చేర్చి యుంచుకొనవలెను. గంజి, ఊక, నూక, బొగ్గులు వీనిలో నేదియు వ్యర్థము కారాదు. పెరటిలో వంగ, గుమ్మడి, సొర, దోస మొదలగువానిని కాల మెఱిగి నాటవలెను. పాతబట్టలను కూడబెట్టి, శుభ్రపఱచి, పనిచేసిన పరిచారకుల కీయవలెను.

ఈ భాగమును చదువునప్పుడెల్ల మా తల్లిగారి వంటయిల్లు నా కన్నులకు గట్టినట్లుండును. ఆమె వాత్స్యాయనుని పేరైనను వినియుండలేదు. అయినను కొత్త చింతపండు సంతకు వచ్చిన దినములలోనే ఏడాదికి సరిపడ కొని, గింజయు ఈనెయు దీసి, ఉప్పు చేర్చి జాడీలో నదిమిపెట్టెడిది. కందులు కల్లము నుండి వచ్చిన వెంటనే తీసికొని, ఎండబెట్టి, ఇంటనే విసరెడిది. గంజిలో గొంత నూలుబట్టలకు, మిగిలినది కుడితిలోనికి. పాతచీర బొంతయగును, బొంత చినిగిన మసిగుడ్డయగును. గ్రంథమున నున్నది ఆమె చేతిలో నుండెను. ఈ విద్య తల్లి నుండి కూతునకు, అత్త నుండి కోడలికి నోటిమాటగా దిగివచ్చినదే గాని ఏ పాఠశాలయు నేర్పినది కాదు.

ఇక ధర్మశాస్త్రములు చూతము. మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయమున ధనమును భద్రపఱచుటయందును వ్యయము చేయుటయందును భార్యను నియోగింపవలెనని చెప్పబడినది. అయిదవ యధ్యాయమున ఆమె వ్యయమునందు చేయి విప్పరాదనియు గలదు. ఇంతవఱకు బాగుగనే యున్నది. కాని యా స్మృతియే ఎనిమిదవ యధ్యాయమున భార్యకును, పుత్రునికిని, దాసునికిని సొంతధనము లేదనియు, వా రార్జించినది వారెవరికి జెందినవారో వారిదేయనియు జెప్పుచున్నది. తొమ్మిదవ యధ్యాయమున స్త్రీధనము ఆఱు విధములని చెప్పబడినమాట నిజమే. కాని యవి పెండ్లినాడును తరువాతను పుట్టినింటివారో భర్తయో ఇచ్చిన కానుకలు. ఆమె తన నేర్పుచేత మిగిల్చిన సొమ్మునకు అందు చోటు లేదు. తాళపుచెవి యామెది, పెట్టె యొకరిది.

కౌటిల్యుడు కొంత మేలు. అర్థశాస్త్రమున నతడు స్త్రీధనమును జీవనాధారమనియు ఆభరణములనియు రెండుగా విభజించి, మొదటిదానికి రెండువేల పణముల పరిమితిని జెప్పి, ఆభరణములకు పరిమితి లేదనెను. మన స్త్రీలు పొదుపు సొమ్మును బంగారముగా మార్చుటలో వ్యామోహమే కలదని యాక్షేపించువారు ఈ యంశమును గమనింపవలెను. ఒంటిమీదనున్నది తప్ప తక్కినదేదియు తనది కాదన్నచోట, మిగిలిన సొమ్మును ఒంటిమీదికి దెచ్చుకొనుట అవివేకమగునా?

ఇది మన దేశమున మాత్రమే యుండిన లోపము గాదు. స్కాట్లండులోని రత్‌వెల్ గ్రామమున హెన్రీ డంకన్ అను మతాచార్యుడు 1810లో పేదలకొఱకు పొదుపు బ్యాంకును స్థాపించెను. 1861లో ఇంగ్లండున తపాలా కార్యాలయములే పొదుపు సొమ్మును బుచ్చుకొన మొదలిడెను. అయినను 1870 వఱకు అచ్చటి సామాన్యన్యాయము ననుసరించి, వివాహితయగు స్త్రీ తన కష్టముచే దాచుకొన్న సొమ్ము సైతము భర్తదే. ఆ సంవత్సరపు చట్టము ఆమె వేతనమును, ఆమె పేర బ్యాంకులో నున్న పొదుపు సొమ్మును ఆమెవిగా నంగీకరించెను. 1882నాటి చట్టము ఆ హక్కును విస్తరించెను.

ఆ 1882లోనే మన దేశమున పోస్టాఫీసు సేవింగ్సు బ్యాంకు వెలసెను. మఱుసటి యేడు వీరేశలింగము పంతులుగారు స్త్రీల కొఱకు సతీహితబోధినిని ప్రారంభించిరి. చదువు వచ్చినగాని పద్దు వ్రాయుట రాదు. పద్దు వచ్చినగాని తన సొమ్ము తనకు దెలియదు. కాని హక్కు చదువుకంటె మెల్లగా నడచినది. 1937నాటి చట్టము హిందూ వితంతువునకు పరిమితమైన హక్కునే యిచ్చెను. స్త్రీకి తన యాస్తిపై సంపూర్ణ స్వామ్యము 1956లో గాని కలుగలేదు. కుమార్తెకు ఉమ్మడి యాస్తిలో సమభాగమును ఆంధ్రప్రదేశము 1986లో శాసించెను; దేశమంతటను అది 2005లో వచ్చెను.

శాసనము మాఱినను గృహమున భావము మాఱినదా? ఇందుకు నా యింటి సంగతియే చెప్పెదను. 2016 నవంబరు 8వ తేది రాత్రి అయిదువందల నోట్లును వేయి రూపాయల నోట్లును చెల్లవని ప్రకటింపబడెను. మూడవనాడు మా తల్లిగారు తలుపు దగ్గఱగా వేసి, పాత పట్టుచీర మడతలలో నుండి యొక మూటను దీసి నా చేతిలో బెట్టిరి. విప్పి చూడగా ముప్పదియొక్క వేలు. మజ్జిగ అమ్మిన చిల్లర, కూరలలో మిగిల్చిన చిల్లర, ఎన్నియేండ్లనో చేర్చినది. "ఇది మీ నాయనగారికి దెలియదు నాయనా" అని ఆమె తల వంచుకొనిరి. నాయనగారు గతించి అప్పటికి నాలుగేండ్లయినది. నేను పరీక్షకు గట్టిన రుసుము ఒకసారి ఎచ్చటి నుండి వచ్చెనో ఆనాడు నాకు దెలిసెను. ఇంటికి కష్టము వచ్చినప్పుడెల్ల దిక్కయిన ధనమును చూపుటకు ఆమె దొంగవలె సిగ్గుపడిరి. పొదుపును గూర్చి పాఠశాలలో ఉపన్యాసము లిచ్చిన నేను, ఆమె పేర ఒక ఖాతా యుండవలెనని అంతవఱకు తలంపనైతిని. అందుకు సిగ్గుపడవలసినవాడను నేను.

ఇందుకు మాఱుగా వెలుతురులో చేసిన పొదుపు కథయు మన నేలమీద గలదు. నెల్లూరు జిల్లాలోని దూబగుంట స్త్రీలు అక్షరాస్యతా తరగతులలో చదువు నేర్చుకొని, 1992లో సారాయిపై తిరుగబడిరి. వారి కూలిలో మిగిల్చినదంతయు సారా దుకాణమునకు బోవుచుండుటయే వారి మొఱ. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటను సారాయి నిషేధింపబడెను. ఆ జిల్లా స్త్రీలే దినమునకొక రూపాయి చొప్పున గూడబెట్టి పొదుపులక్ష్మి సంఘములుగా నేర్పడిరి. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము రెండేండ్లకే సడలిపోయినది; పొదుపు సంఘములు మాత్రము జిల్లాజిల్లాకు వ్యాపించినవి. ఆ రూపాయి చిన్నదే. కాని యది పదిమంది యెదుట, పుస్తకమున, ఆమె పేర వ్రాయబడిన రూపాయి.

వాత్స్యాయనుడు మఱియొక మాట చెప్పెను: భర్త మితిమీఱి గాని తగని చోట గాని వ్యయము చేసినచో భార్య యేకాంతమున నతనికి దెలియజెప్పవలెనట. నూకలను లెక్కించు నామెకే గాదెలను గూర్చి యడుగు నధికారము కూడ నున్నదని దీని తాత్పర్యముగా నేను గ్రహింతును. మనము దానిని మఱచి, అగ్గిపుల్లలలో పొదుపు చేయుమని ఆమెకు జెప్పి, పెండ్లిపందిళ్లకును కట్నములకును అప్పు చేయుచున్నాము. ఏడాది చింతపండులో మిగిలినది ఒక్కపూట బాణాసంచాలో బోవుచున్నది.

కావున చదువరులకు నా మనవి యిది. సరకులు కాలమెఱిగి కొనుడు, దినదినము పద్దు వ్రాయుడు. కాని యా పుస్తకమున పురుషుని ఖర్చులును వ్రాయబడవలెను. మిగిలిన సొమ్ములో ఇల్లాలి భాగము ఆమె పేరనే యుండవలెను. అందఱు భుజించిన పిదప అడుగంటినదానితో ఇల్లాలు సరిపెట్టుకొనుట పొదుపు గాదు. అది వైద్యునికి బోవు అప్పు. మా తల్లిగారు ఇప్పుడు నెలకొకసారి ఖాతాపుస్తకమును దెప్పించుకొని, కండ్లద్దములు పెట్టుకొని, అంకెలను వ్రేలితో దడవి చూచుకొందురు. దానిని వారు చీర మడతలలో దాచుట లేదు. మేజాపై, నా పుస్తకముల ప్రక్కనే యుంచుచున్నారు.