తాత్కాలిక నాయకుడు - ప్రేక్షకుల తీర్పు

ఆటల జట్టునకు ఒక సంకటము తరచుగా వచ్చుచుండును. ఆటల కాలము నడుమ నాయకుడో, శిక్షకుడో తప్పుకొనును, లేక తప్పింపబడును. పని ఆగరాదు గనుక ఆ ప్రక్కనున్న వానిని పిలిచి, “ప్రస్తుతమునకు నీవు చూడుము” అందురు. అతడు చూచును. ఒకటి రెండు గెలుపులు లభించును. అప్పుడు అసలు చిక్కు మొదలగును. ఈ తాత్కాలికుని స్థిరపరుపవలెనా? లేక “ఏరు దాటి తెప్ప తగలవేసినట్లు” అతనిని ప్రక్కకు నెట్టి మరియొక పెద్ద పేరు గల వానిని తేవలెనా? నిర్ణయించువారు కొలది మంది. తీర్పు చెప్పువారు వేలకొలది. నెల్లూరు సముద్రతీరమున మైపాడు, కృష్ణపట్నము, ఇస్కపల్లి ప్రాంతముల పిల్లల జట్లలో సైతము ఈ వాదము వినవచ్చును. ఈ ప్రసంగమున మేము ఆ వాదమునకు చరిత్రలో గల కొన్ని నిదర్శనములను విన్నవింప దలచితిమి.

ముందుగా ఈ ప్రశ్న మిక్కిలి తీవ్రముగా చర్చింపబడు దేశమును చూతము. అమెరికాలో కళాశాలల ఫుట్‌బాల్ అనునది మన కాలిబంతి కాదు. బంతిని చేతబట్టి పరుగెత్తు మరియొక ఆట. అక్కడ కొన్ని విశ్వవిద్యాలయముల క్రీడాంగణములలో లక్షమందికి పైగా కూర్చుందురు. శిక్షకుని నియామకము ఆ రాష్ట్రమునకంతటికిని ఇంటివిషయము వంటిది. 2008 జనవరి 2వ తేదీన వెస్ట్ వర్జీనియా జట్టు, తన శిక్షకుడు వేరొక చోటికి వెడలిపోగా, తాత్కాలిక శిక్షకుడైన బిల్ స్టూవర్టు నాయకత్వమున ఓక్లహోమా జట్టును 48-28 తేడాతో ఓడించెను. మరునాడే అతనిని స్థిరపరచిరి. ఆ సంతోషము నిలువలేదు. తరువాతి మూడేండ్లును ఏటేట తొమ్మిది గెలుపులు, నాలుగు ఓటములు వచ్చినవి. అది చెడ్డ లెక్క కాదు. కాని ఒక్క రాత్రి విజయము పెంచిన ఆశకు అది చాలలేదు. 2011లో అతడు పదవి విడిచెను.

అదే 2008 అక్టోబరులో క్లెమ్సన్ విశ్వవిద్యాలయమున డాబో స్విన్నీ అను సహాయ శిక్షకునికి తాత్కాలిక భారము వచ్చెను. అంతకుముందు అతడు ప్రధాన శిక్షకుడుగా పనిచేసినవాడు కాడు. డిసెంబరు 1న అతనిని స్థిరపరచినపుడు సందేహించినవారు పెక్కుమంది. 2010లో గెలుపులకంటె ఓటములే ఎక్కువయ్యెను. అయినను నిలుపుకొనిరి. 2016, 2018 సంవత్సరముల పోటీలలో ఆ జట్టే జాతీయ విజేత యయ్యెను. ఎడ్ ఆర్జెరాన్ అను మరియొకని కథ ఇంకను విచిత్రము. 2013లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున అతడు తాత్కాలికుడుగా ఎనిమిది ఆటలలో ఆరు గెలిపించెను. పదవి మాత్రము ఇతరునికి పోయెను. 2016లో లూయిసియానా రాష్ట్ర విశ్వవిద్యాలయమున మరల తాత్కాలికుడుగా నిలిచి ఈసారి స్థిరపడెను. 2019లో ఆ జట్టు ఆడిన 15 ఆటలును గెలిచెను. రెండేండ్లు గడచునప్పటికి, 2021లో, అతనికిని ఆ విశ్వవిద్యాలయమునకును సంబంధము తెగిపోయెను. కనుక తాత్కాలికుని స్థిరపరచుట మంచిదా, చెడ్డదా యను ప్రశ్నకు ఒకే సమాధానము లేదు. దేనిని చూచి స్థిరపరచితిమి అనునదియే ముఖ్యము.

ఇక మన వారి చరిత్రకు వత్తము. ఇందు ఇద్దరు తెలుగువారు ఎదురెదురుగా నిలుతురు. ఒకరు కొట్టారి కనకయ్య నాయుడు, లోకమునకు సి.కె. నాయుడు. మచిలీపట్టణపు మూలములు గల కుటుంబమున 1895 అక్టోబరు 31న నాగపురమున జన్మించెను. రెండవవారు విజయనగర సంస్థానపు రాజకుమారుడు, విజయానంద గజపతిరాజు, క్రీడాలోకమున విజ్జీ. వీరు 1905లో జన్మించి కాశీలో నివసించుచుండిరి. ఈ కథ క్రికెట్టుకు సంబంధించినదే అయినను, ఇందలి చిక్కు పైన చెప్పినదే.

1926 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానమున, ఇంగ్లండు నుండి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై నాయుడు 153 పరుగులు చేసెను. అందు 11 సిక్సర్లు. రెండు గంటలైనను పట్టని ఆ ఆట జనులకు నాయుడును ఆరాధ్యుని గావించెను. ఆ పిమ్మట 1928లో భారత క్రికెట్ బోర్డు ఏర్పడెను. 1932లో భారత జట్టు ప్రథమ టెస్టు ఆడుటకు ఇంగ్లండు వెళ్లెను. ఆనాడు నాయకుడు రాజవంశీయుడై యుండవలెనను అభిప్రాయము బలముగా నుండెను. ధనమిచ్చువారు వారే; వేరువేరు ప్రాంతముల, మతముల ఆటగాండ్రను ఒక్క తాటిపై నిలుపుటకు వారి హోదా అవసరమని కొందరు నమ్మిరి. పోర్‌బందరు మహారాజు కెప్టెనుగాను, లింబ్డీ రాజకుమారుడు ఉపనాయకుడుగాను నియుక్తులైరి.

జూన్ 25న లార్డ్సులో టెస్టు ప్రారంభము కావలసి యుండెను. లింబ్డీ కుమారుడు గాయపడెను. పోర్‌బందరు మహారాజు తన ఆట టెస్టునకు చాలదని యెరిగి తానై తప్పుకొనెను. ఈ నిజాయితీకి చరిత్ర ఆయనకు ఋణపడి యున్నది. నాయకత్వము నాయుడునకు వచ్చెను. జట్టులోనే కొందరు అభ్యంతరము చెప్పిరి. రాజును అనుసరించుటకు సమ్మతించినవారు సమానుని అనుసరించుటకు వెనుదీసిరి. తుదకు అందరును మైదానమున దిగిరి.

దిగిన కొలది సేపటికే ఇంగ్లండు 19 పరుగులకు మూడు వికెట్లు పోగొట్టుకొనెను. నిస్సారు, అమరసింగుల బంతుల వేగము చూచి ఆంగ్లేయ ప్రేక్షకులు నివ్వెరపోయిరి. చేతికి దెబ్బ తగిలినను నాయుడు మొదటి ఇన్నింగ్సున 40 పరుగులు చేసెను. జట్టులో అదియే మిన్న. ఇంగ్లండు 158 పరుగుల ఆధిక్యముతో గెలిచినను భారత జట్టు తలవంచుకొని రాలేదు. ఆ పర్యటనలో ప్రథమశ్రేణి ఆటలలో నాయుడు 1,618 పరుగులు సాధించెను. 1933లో విజ్డెన్ వార్షిక గ్రంథము ఆ యేటి అయిదుగురు శ్రేష్ఠులలో ఆయనను ఎన్నుకొనెను.

తాత్కాలికుడు ఆ విధముగా స్థిరపడెను. 1933-34లో జార్డిన్ జట్టు భారతదేశమునకు వచ్చినపుడు మూడు టెస్టులకును నాయుడే కెప్టెను. బొంబాయిలో లాలా అమరనాథుడు భారతదేశపు ప్రథమ టెస్టు శతకము, 118 పరుగులు, చేసిన వేళ ఎదుట నిలిచి 67 పరుగులతో తోడ్పడినవాడు నాయుడే. ఆ టెస్టు ఓడితిమి. కలకత్తా టెస్టు ఎవరికిని దక్కలేదు. 1934 ఫిబ్రవరిలో చేపాకు మైదానమున జరిగిన మూడవ టెస్టున అమరసింగు ఒక ఇన్నింగ్సున 86 పరుగులిచ్చి ఏడు వికెట్లు తీసెను. అయినను 202 పరుగుల తేడాతో ఓడితిమి. నెల్లూరు నాడు మదరాసు రాజధానిలోనిదే గనుక, మన తీరమునకు మిక్కిలి దాపున జరిగిన ప్రథమ టెస్టు అది.

ఇప్పుడు లెక్క చూడుడు. నాలుగు టెస్టులు, మూడు ఓటములు, ఒకటి సమము, గెలుపు లేదు. నాయుడును తొలగింప వలెనన్నవారి చేతిలో ఈ అంకెలు గలవు. ఆయన కఠినుడు, క్రమశిక్షణ విషయమున మాట సడలింపనివాడు. కొందరు ఆటగాండ్రకు ఆయన రుచింపకుండుట సహజము. ఇట్టి ఆక్షేపణలను కేవలము అసూయ యని కొట్టివేయుట న్యాయము గాదు. కాని అదే లెక్కను మరియొక విధముగ చదువవచ్చును. ప్రథమ టెస్టు ఆడుచున్న దేశము ఆనాటి ఇంగ్లండు జట్టును ఎదిరించి, కొంతసేపైనను భయపెట్టినది. ఎవరి క్రింద ఆడినను ఆ జట్టు గెలిచెడిదని చెప్పుటకు ఆధారము లేదు.

1936 ఇంగ్లండు పర్యటనకు బోర్డు విజ్జీని కెప్టెనుగా ఎన్నుకొనెను. ఆయన క్రికెట్టుకు చేసిన సేవ నిరాకరింపరానిది. 1930-31లో హాబ్సు, సట్‌క్లిఫ్ వంటి మహామహులను రప్పించి తన జట్టున ఆడించెను. కాని ధనము వెచ్చించుట వేరు, టెస్టు జట్టును నడుపుట వేరు. ఆయన మూడు టెస్టులలోను కలిపి చేసినవి 33 పరుగులు. అమరనాథుని క్రమశిక్షణ పేరిట పర్యటన నడుమనే ఇంటికి పంపిరి. రెండు టెస్టులు తొమ్మిదేసి వికెట్ల తేడాతో ఓడితిమి. మాంచెస్టరులో మర్చంటు, ముస్తాక్ అలీ మొదటి వికెట్టునకు 203 పరుగులు చేయగా ఒకటి సమమయ్యెను. కెప్టెను పదవి పోయిన నాయుడు అలిగి ఇంట కూర్చుండలేదు. ఆ జట్టులోనే ఆడెను. ఓవలు మైదానమున తన చివరి టెస్టు ఇన్నింగ్సున 81 పరుగులు చేసెను. పర్యటనపై విచారించిన బోమాంటు సంఘము 1937లో అమరనాథుని నిర్దోషిగా తేల్చి, కెప్టెను నడవడిని విమర్శించెను.

ప్రజల తీర్పు ఏమి? వారికి బోర్డులో ఓటు లేదు. వారికున్నది మైదానమున చప్పట్లు, పత్రికలకు వ్రాయు జాబులు మాత్రమే. అయినను కాలము గడచిన కొలది వారి తీర్పే నిలిచెను. నేడు 1932 నాటి జట్టు పేరెత్తగనే జనులు తలచునది ఆ తాత్కాలిక కెప్టెనునే; నియుక్తుడైన కెప్టెను పేరు పుస్తకములు చూచి చెప్పవలసి వచ్చుచున్నది.

ప్రేక్షకులు ఎల్లవేళల న్యాయమే చెప్పుదురని దీని భావము కాదు. మన నెల్లూరు నేలమీది కథ ఒకటి గలదు. పదమూడవ శతాబ్దిలో మనుమసిద్ధి సేనాని ఖడ్గతిక్కన కాటమరాజుతోడి పోరున ఒక దినము వెనుదిరిగి రాగా, ఇల్లాలు స్నానమునకు మంచము చాటు పెట్టి పసుపు ఉంచెనట. తల్లి విరిగిన పాలు వడ్డించెనట. ఆ యెత్తిపొడుపునకు అతడు మరల పోయి పోరాడి మరణించెను. కథలో అది వీరత్వమే. కాని ఒక్కనాటి వెనుకడుగును చూచి ఒకని జీవితమునకంతకును వెలకట్టుట అందు గలదు. ఆటలు చూచువారు ఆ పని దినదినమును చేయుచుందురు.

హైదరాబాదు ఫుట్‌బాల్ శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమును కూడ ఒక్క దినపు లెక్కతో కొలిచియుండిన ఏమగును? పాఠశాల ఉపాధ్యాయుడైన ఆయన తీర్చిన హైదరాబాదు పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్సు కప్పు గెలిచెను. 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో ఆయన శిక్షణలో భారతదేశము స్వర్ణపతకము గెలిచెను. మరుసటి యేడు హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయెను. మనవారిలో పెక్కుమంది వట్టి కాళ్లతో ఆడిరి. ఆ యోటమితో రహీము కథ ముగియలేదు. బూట్లతో ఆడుట అలవాటు చేసి, ఆటగాండ్ర నిలకడలు మార్చి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో జట్టును నాలుగవ స్థానమునకు చేర్చెను. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి రెండవ ఆసియా స్వర్ణము సంపాదించిన నాటికి ఆయన వ్యాధిగ్రస్తుడు. 1963 జూన్ 11న మరణించెను. 1952లో ఆ పది గోలులే తుది తీర్పుగా తీసికొనియుండిన, జకార్తా మనకు దక్కియుండెడిది కాదేమో.

ఈ కథలన్నియు ప్రక్కప్రక్కన పెట్టి చూడగా మాకు తోచునది ఇది. తాత్కాలికుని గూర్చి తీర్పు చెప్పదలచువాడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. వచ్చిన గెలుపు ఇతని తీర్పరితనమువలన వచ్చినదా, పూర్వుడు తయారుచేసి పోయిన జట్టువలన వచ్చినదా? వెస్ట్ వర్జీనియా ఈ ప్రశ్న వేసికొనుటకు ఒక్క రాత్రియైనను ఆగలేదు. ఇతని క్రింద ఆటగాండ్రు మెరుగగుచున్నారా? ఓటములలో సైతము ఇది కానవచ్చును. స్విన్నీని, రహీమును నిలిపినది ఇదియే. ఇక మూడవది: మన అభ్యంతరము అతని సామర్థ్యమునకా, లేక అతని పుట్టుకకు, పేరునకు, నిన్నటివరకు మనతో సమానుడైయుండుటకా? 1932 నాటి రాత్రి లార్డ్సు ఆటకు ముందు కొందరు ఆటగాండ్రు ఈ ప్రశ్న వేసికొనలేదు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడెను. ఆ 1953-54లోనే ఆంధ్ర జట్టు మొట్టమొదటిసారి రంజీ పోటీలలో దిగెను. దానికి కెప్టెను ఎవరు? ఏబదియెనిమిదేండ్ల సి.కె. నాయుడు. ఇరువది యేండ్ల క్రితము ఇతరులు తప్పుకొనగా నాయకుడైన వానిని, ఈమారు ఎవరి గైర్హాజరీయు లేకుండ, తన వారు తామై పిలిచిరి.