కొలత పరికరమును కొలుచుటెట్లు?

అరిగిన రాళ్ళతో తూచినపుడు త్రాసు ముల్లు ఎంత నిలకడగా నిలిచినను అది తెలుపు బరువు నిజము కాదు. అంకెల మల్టీమీటరు సంగతియు ఇట్టిదే. ఏండ్ల తరబడి ప్రయోగశాల బీరువాలో పడియున్న మీటరు తప్పు చూపుచున్నచో, దోష మెచట నున్నదో తెలిసికొనుటకు దాని చరిత్రయే దారి చూపగలదు.

వోల్టేజి, విద్యుత్ప్రవాహము, నిరోధము—ఈ మూడింటిని కొలుచుటకు పూర్వము వేర్వేరు పరికరములు మోయవలసి యుండెను. బ్రిటిష్ తపాలాశాఖ ఇంజనీరైన డొనాల్డ్ మెకాడీ ఈ మూడింటిని ఒకే పెట్టెలో ఇమిడ్చెను. 1923లో ‘ఏవో మీటరు’ అను పేర అది విపణికి వచ్చెను. అందు ముల్లు కదలెడిది. పిమ్మట అమెరికాలో ఆండ్రూ కే అంకెలు చూపు వోల్టుమీటరును నిర్మించెను. ముల్లును చదువుటలో కంటికి కలుగు పొరపాటు దానితో తొలగినది. కాని అంకెను చూడగానే నమ్ము అలవాటు కొత్తగా ప్రవేశించినది.

తరువాత వ్యాప్తిలోనికి వచ్చిన ద్విదశా పద్ధతి మిక్కిలి చమత్కారమైనది. తెలియని వోల్టేజి ఒక కెపాసిటరును నిర్ణీత కాలము నింపును. పిమ్మట తెలిసిన ఆధార వోల్టేజి దానిని ఖాళీ చేయును. ఖాళీయగుటకు పట్టిన కాలమే కొలత. నింపు కాలము 1,000 లెక్కలనియు, ఆధారము 100 మిల్లీవోల్టులనియు అనుకొందము. 50 మిల్లీవోల్టుల నిచ్చినచో ఖాళీయగుటకు 500 లెక్కలు పట్టును, తెరపై 50.0 కనబడును. రెండు దశలలోను అదే కెపాసిటరు, అదే గడియారము పనిచేయుటచే వాని స్వల్ప దోషములు పరస్పరము రద్దగును.

ఆధార వోల్టేజిలోని దోషము మాత్రము రద్దు కాదు. బ్యాటరీ బాగుగా నీరసించి, ఆధారము 90 మిల్లీవోల్టులకు దిగజారినదనుకొనుడు. అదే 50 మిల్లీవోల్టులకు ఇపుడు 555 లెక్కలు పట్టును, తెర 55.5 చూపును. బ్యాటరీ తగ్గగా రీడింగు పెరిగినది! కనుక మొదటి చికిత్స కొత్త బ్యాటరీయే.

రెండవ శత్రువు మురికి. 2 వోల్టుల శ్రేణిలో సాధారణముగా 9 మెగాఓములు, 1 మెగాఓము నిరోధములు వోల్టేజిని పదవవంతు చేయును. చెమట, దుమ్ము, తేమ చేరి 9 మెగాఓముల నిరోధము ప్రక్కనే 100 మెగాఓముల దొంగదారి ఏర్పడినచో, రీడింగు సుమారు 8 శాతము పెరుగును. తిరుగుడు స్విచ్చు స్పర్శలు పాచిపట్టినచో అంకెలు నిలువక ఊగులాడును.

విప్పుటకు ముందు తీగలను ఊడదీయవలెను; ఆపై బ్యాటరీని తీయవలెను. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన దూదితో స్విచ్చు స్పర్శలను, బోర్డును సున్నితముగా తుడిచి, పూర్తిగా ఆరనీయవలెను. గరుకు కాగితముతో రుద్దినచో స్పర్శలపై పూత పోవును. ఫ్యూజు పోయినచో అదే రకము వేయవలెనే గాని తీగముక్క చుట్టరాదు. సరిచూచుటకు ఇంటి కరెంటును వాడక, పొడిఘటమును నమ్మదగిన మరియొక మీటరుతో పోల్చి చూడవలెను. లోపలి సవరణ స్క్రూను త్రిప్పుట చిట్టచివరి పని. మురికి యుండగనే దానిని త్రిప్పినచో ఒక శ్రేణిలో తప్పు మరుగుపడి, మిగిలిన శ్రేణులు చెడును.

నమ్మదగిన మీటరునకు మాత్రము ఆధారమేది? ఎడ్వర్డ్ వెస్టన్ 1893లో కనిపెట్టిన ఘటము 20 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద సుమారు 1.0183 వోల్టులిచ్చును. 1911 నుండి అది అంతర్జాతీయ ప్రమాణముగా నుండెను. 1990లో ఆ స్థానమును జోసెఫ్‌సన్ ఫలితము ఆక్రమించెను. ప్రతి కొలతయు ఒక పోలికయే. పోల్చదగిన ఆధారము సరిగా నున్నదా యని ముందు విచారించినవాడే తెరపై అంకెను నమ్మవచ్చును.